చైనా పోయొచ్చిన అంజినప్ప

బయలుదేరేనాటికి అంజినప్ప చేతిలో ఉన్నవి: మదనపల్లెలో బోరుమోటార్ల అంగడి, కొత్త పాస్‌పోర్టు, బజారులో ఏ వ్యాపారికీ లేని పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. జిల్లాలో అందరికంటే ఎక్కువ మోటార్లు అమ్మినందుకు కంపెనీ ఆయన్ను చైనా విహారయాత్రకు ఎంపిక చేసింది. 2003 ఏప్రిల్‌లో తొమ్మిది రోజులు. బీజింగ్, షాంఘై, పెద్ద గోడ.

రెండు నెలలు అంగట్లో మోటార్ల మాట తగ్గి చైనా మాటే నడిచింది. తంబళ్లపల్లె నుంచి బేరానికి వచ్చిన రైతుకు కూడా ముందు గోడ పొడవు చెప్పి, ఆ తర్వాతే రేటు చెప్పేవాడు. భార్య రాజేశ్వరమ్మ రాగిపిండి, చింతకాయ ఊరగాయ, చెనక్కాయల పొడి మూటలు కట్టింది.

"ఆడ సంగటి కెలికేదానికి పొయ్యి ఉంటాదా?"

"హోటల్లో సంగటి యాల కెలుకుతారే!"

"మరి ఏం తింటావు? పాములా?"

పుంగనూరులో పైపుల అంగడి నడిపే స్నేహితుడు కృష్ణప్ప పగలబడి నవ్వాడు. "మావాణ్ణి సూస్తే పామే భయపడి ఆ గోడెక్కుతాదిలేమ్మా!"

వర్తకుల సంఘం శాలువా కప్పింది. చైనా గడప తొక్కబోతున్న మన వ్యాపారి అని మైకులో చెప్పారు.

ప్రయాణానికి ముందురోజు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "సరే సార్... సరే సార్" అని అంజినప్ప పెట్టేశాడు.

"ఏమంటాండారు?" అంది రాజేశ్వరమ్మ.

"ఏముంది, టయానికి రమ్మంటాండారు."

మరునాడు మెళ్లో దండలతో బెంగళూరు బస్సెక్కాడు.

తిరిగి వచ్చేటప్పుడు సంచి నిండా చైనా గొడుగులు, టార్చిలైట్లు తెచ్చాడు. బస్టాండుకు మాత్రం ఎవరూ రాలేదు. ఈలోగా పేపర్లలో సార్స్ వార్తలు నిండిపోయాయి. చైనాలో పుట్టిన రోగం, ఊపిరితో అంటుకుంటుంది, మందు లేదు. ఊరంతా చదివింది.

ఎదురింటి శాంతకుమారి తనకిచ్చిన గొడుగును చేత్తో ముట్టలేదు. "ఆడ గోడకు ఆనించి పోప్పా, ఎండకు కాగనీ" అంది. తెల్లారేసరికి అది చెత్తకుప్పలో ఉంది.

కృష్ణప్ప రాలేదు. ఫోన్ చేశాడు. "ఫోన్లో అయితే అంటుకోదు గదప్పా?"

అది బోర్లు వేసే కాలం. ఏడాది వ్యాపారమంతా ఆ ఎండాకాలంలోనే జరగాలి. వచ్చిన రైతులు రోడ్డుకు అవతలే నిలబడ్డారు.

"నాకేమీ లేదప్పా" అన్నాడు అంజినప్ప, తల వంచుకుని.

"ఉండాదని ఎవురన్నారు? లేదని తెలిసినంక వస్తాములే."

అని, పక్కవీధిలో ఇంకో అంగడికి పోయారు. డాక్టరు చూసి జ్వరం లేదన్నాడు. జ్వరం నిదానంగా వస్తుందట అన్నారు జనం.

అంజినప్ప కుంగిపోయాడు. ఎవరైనా దూరం నుంచే గోడ ఎట్లుందని అడిగితే "పెద్దదే" అని లోపలికి పోయేవాడు. ఫోటోలు అడిగితే రీలు పాడైందన్నాడు. చైనా పేరెత్తితే చాలు, ముఖం ఎర్రబడేది. సరదా కోసం పోయి ఊరి మీదికి రోగం తెచ్చానని సిగ్గుపడుతున్నాడు పాపం అనుకున్నారు.

వీధివాళ్లు పట్టుబట్టడంతో మంచం అరుగు మీదికి వచ్చింది. భోజనమూ అక్కడే, విస్తరాకులో. ఇంకో నెల ఇట్లాగే సాగితే అంగడికి తాళం వేయాల్సిందే.

ఒక మధ్యాహ్నం ఆయన తిని లేవగానే రాజేశ్వరమ్మ బయటికి వచ్చి ఆ ఆకు ముందే కూర్చుంది. మొగుడు తిన్న ఆకులో తినడం, అత్త పోయినాక ఆమె మానేసిన పద్ధతి. ఇప్పుడు అదే ఆకులో సంగటి పెట్టుకుంది, పప్పు పోసుకుంది.

"రాజేశ్వరమ్మా, లెయ్యి! సస్తావు!" శాంతకుమారి కిటికీలోంచి అరిచింది.

"సస్తే ముత్తయిదువుగానే పోతాలే. నువ్వు సూస్తా ఉండు, నేను తింటా ఉంటా."

వీధి మొత్తం గుడ్లప్పగించి చూసింది. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. ఆమెకు దగ్గు కూడా రాలేదు. కట్టుకున్న ఆడమనిషికే లేని భయం మనకెందుకని మొదట ఒక రైతు రోడ్డు దాటాడు. వెనకాలే మిగతావాళ్లు దాటారు. కృష్ణప్ప పుంగనూరు నుంచి వచ్చి కావలించుకున్నాడు.

అంజినప్ప మాత్రం ఒకరోజు సగం అన్నంలోనే లేచాడు.

"నీకొకటి చెప్పాల" అన్నాడు భార్యతో. "నువ్వు నా కోసం పానం..."

"ఏమీ చెప్పొద్దు. అంగట్లో మనుసులుండారు, పో."

ఎండాకాలం ముగిశాక చూసుకుంటే అంజినప్పకు నష్టమేమీ లేదు. అంగడి నిలబడింది, పేరు నిలబడింది, ప్రాణానికి తెగించిన ఇల్లాలని రాజేశ్వరమ్మకూ పేరొచ్చింది.

ఆయన చైనాలో ఉన్నాడని ఊరంతా అనుకుంటున్న రోజుల్లో, మేనత్త కర్మకని కుప్పం పోయిన రాజేశ్వరమ్మ, బస్టాండు ఎదుటి లాడ్జి వసారాలో లుంగీ కట్టుకుని పేపరు చదువుకుంటున్న మొగుణ్ణి బస్సు కిటికీలోంచి చూసి, తల పక్కకు తిప్పుకుంది.