ఒకే బ్యాటరీ

"ఇవాళ నన్ను ఎన్నిసార్లు చంపుతావే?" అన్నాడు పైలట్, నమూనా విమానం సీట్లోంచి.

దాన్ని కంప్యూటర్‌లో ఎగరేసి పరీక్షిస్తున్న అతని భార్య నవ్వలేదు. మేనేజర్ వైపు తిరిగింది.

"ఒక మోటారు ఆగితే గాల్లో నిలబడుతోంది సార్. బ్యాటరీ పోతే మాత్రం దాంతో నడిచే రెండు మోటార్లూ ఆగి కూలిపోతోంది. రేపు నిజంగా ఎగరేసేటప్పుడు మా ఆయన్ని ఎక్కించకండి."

"బ్యాటరీ సంగతి నిన్నెవరడిగారమ్మా? పాస్ అని రిపోర్టు పంపు. ఆయన కాకపోతే మీ మరిదీ పైలటేగా, అతను ఎగురుతాడు."

పైలట్ విప్పిన బెల్టు మళ్లీ పెట్టుకున్నాడు. "వాడెందుకు? నేనే వెళ్తా."

తాను అడగవలసింది మనిషిని మార్చమని కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఫెయిల్ అని కొట్టి పంపేసింది.

మేనేజర్ విసురుగా వెళ్లిపోయాడు.

"ఉద్యోగాలు పోయినట్టేనే. మనిద్దరిదీ ఒకటే బ్యాటరీ."

"దిగండి. పడినా నేల మీదున్నప్పుడే కదా, గాల్లోంచి కాదు."