అరవై ప్రశ్నల సరుకు

పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా హనుమత్ప్రసాద్ ప్రశ్నపత్రం కొనెయ్యాలని నిశ్చయించుకున్నాడు.

అది ఐఐటీ పరీక్ష కాదు. ఐఐటీ కోచింగ్‌లో చేర్చుకోవడానికి రాఘవయ్య మాస్టారు పెట్టే పరీక్ష. అమీర్‌పేటలో ఆ మాస్టారి బ్యాచ్‌లో సీటు దొరికితే ఐఐటీలో సగం సీటు దొరికినట్టేనని తల్లిదండ్రుల లెక్క. ఉన్నవి తొంభై సీట్లు. రాసేది నాలుగున్నర వేల మంది పదో తరగతి పిల్లలు. కోచింగ్‌లో చేరే పరీక్షకి కోచింగ్ ఇచ్చే సెంటర్లే మైత్రీవనం చుట్టూ ఓ పది వెలిశాయి.

హనుమత్ప్రసాద్‌కి పంజాగుట్టలో సూట్‌కేసుల దుకాణం. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు వరసపెట్టి విమానాలెక్కుతున్న రోజులు కనుక గిరాకీకి లోటు లేదు. యాభైలో ఒక్కటి అమ్ముడుపోయే రకం సరుకుని అతను ఏనాడూ గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు కన్నకొడుకు అవకాశమే యాభైకి ఒకటి.

అదైనా చదివే పిల్లల సంగతి. తారక్ నెల రోజులుగా ట్యూషన్ అవగానే ఇంటికి రావడం లేదు. అడిగితే నోట్సు జిరాక్సు తీయిస్తున్నానంటాడు. కాళ్ళకి కొత్త బూట్లు వచ్చాయి. అదేంటంటే ఫ్రెండు ఇచ్చాడంటాడు.

“ఏ ఇంటర్నెట్ సెంటర్‌లోనో కూర్చుంటున్నాడేమో. ఓసారి వెళ్ళి చూడకూడదూ?” అంది భార్య దుర్గాంబ.

“చూసి ఏం చేస్తాం? తొమ్మిది రోజుల్లో వాడి బుద్ధి మారుతుందా? వాణ్ణి నమ్ముకుని లాభం లేదు, వేరే దారి చూడాలి.”

ఆ దారి చెప్పింది పక్క దుకాణం కామరాజు. మైత్రీవనం వెనక సందులో మొగిలయ్య అనే జిరాక్సు షాపతని దగ్గర మాస్టారి పేపరు ముందే దొరుకుతుందట.

“మా వాడి కోసం నేనూ వెళదామనుకుంటున్నానండీ. కాళ్ళు రావడం లేదు,” అన్నాడు కామరాజు.

“మీకెందుకండీ శ్రమ. నేను చూసొస్తాగా.”

మర్నాడు పొద్దున్నే హనుమత్ప్రసాద్ ఆ సందులో దిగాడు. తన పేరు చెప్పలేదు, కొడుకు పేరు చెప్పలేదు. కూకట్‌పల్లి నుంచి మేనల్లుడి కోసం వచ్చానన్నాడు. ఇలాంటి బేరంలో అసలు పేరు బయటపెట్టేంత అమాయకుడు కాదు.

మొగిలయ్య అటూ ఇటూ చూసి బల్ల కింది నుంచి ఓ కవరు తీశాడు. “పేపర్ తయారుజేసే తాన మనోడొకడున్నడు సేట్. అరవై ప్రశ్నలు. అయిదు వేలు.”

“నిజమైందేనని ఏంటి నమ్మకం?”

“నేను ఏడో తరగతిల బడి బంద్ చేసిన. గీ లెక్కలు నేను పుట్టిస్తనా, నువ్వే చెప్పు.”

మాటలో పస ఉంది. అయినా మచ్చు చూడకుండా సరుకు కొనడం హనుమత్ప్రసాద్ ఇంటా వంటా లేదు. మూడో ప్రశ్న ఒక్కటి చీటీ మీద రాయించుకుని దుకాణానికి వచ్చాడు. మధ్యాహ్నం పెద్ద సూట్‌కేసు కోసం వచ్చిన కుర్రాడు మాటల్లో ఐఐటీలో చదివానన్నాడు. ఆ చీటీ అతని ముందు పెట్టాడు. కుర్రాడు కొనబోయే సూట్‌కేసు మీదే కాగితం పరిచి నలభై నిమిషాలు కుస్తీ పట్టాడు.

“ఎవరండీ ఇది తయారుచేసింది?” అన్నాడు చివరికి చెమట తుడుచుకుంటూ. “మామూలు బుర్ర కాదు. ఇలాంటిది మా ఎంట్రన్సులో కూడా చూళ్ళేదు.”

ఇంక అనుమానమెందుకు? సాయంత్రం దాకా ఆగకుండా వెళ్ళి, అయిదు వేల బేరం నాలుగు వేలకి తెగ్గొట్టి, కవరు చంకన పెట్టుకున్నాడు.

“ఎవ్వరికి చూపియ్యకు సేట్,” అన్నాడు మొగిలయ్య. “ఇద్దరికీ ఖతర్నాక్.”

“నాకేం అవసరం?” అన్నాడు హనుమత్ప్రసాద్.

పంజాగుట్ట చేరగానే నాలుగు కాపీలు తీయించాడు. ఒకటి కామరాజుకి, తక్కినవి పదో తరగతి పిల్లలున్న మరో ముగ్గురు వ్యాపారులకి. అందరూ మొగిలయ్య దగ్గరికి వెళదామా వద్దా అని ఊగుతున్నవాళ్ళే. తలా పదిహేను వందలు. తొంభై సీట్లలో నలుగురు అదనంగా దూరితే తన కొడుక్కి వచ్చే నష్టం లేదు. పిల్లవాడి చదువు మీద ఎదురు లాభం తీసిన తండ్రి పంజాగుట్టలో ఇంకొకడు ఉండడనుకుని ముచ్చటపడ్డాడు.

ఆ వ్యవహారమంతా చక్కబెట్టుకుని, పరీక్ష నాలుగు రోజులుందనగా తారక్‌ని పిలిచి తలుపు వేశాడు. కాగితాలు చేతిలో పెట్టాడు.

“అరవై జవాబులూ కంఠతా పట్టు. ఇంక నీ సీటు ఎక్కడికీ పోదు.”

తారక్ మొదటి పేజీ చూశాడు. గబగబా రెండోది తిప్పాడు. వాడి ముఖం పాలిపోయింది. సంతోషం పట్టలేక అనుకున్నాడు తండ్రి.

“ఎంతకి కొన్నావు నాన్నా?”

“నాలుగు వేలు. కంగారుపడకు, కాపీలు తీసి మరో నలుగురికి అమ్మేశాను. ఖర్చు పోను రెండు వేలు మిగిలింది కూడా.”

తారక్ కాలిక్యులేటర్ తీసి ఏవో మీటలు నొక్కి పక్కన పెట్టేశాడు. అమ్మిన సరుకు తిరిగొచ్చినప్పుడు హనుమత్ప్రసాద్ ముఖం ఎలా ఉంటుందో, వాడి ముఖం అచ్చం అలాగే ఉంది.

“అదన్నమాట సంగతి! గిరాకీ ఒక్కరే తగిలారని మొగిలయ్యన్న నిన్న నా చేతిలో ఒక్క కాపీ వాటానే పెట్టాడు. నెల రోజులు ఆ షాపులో కూర్చుని ఈ అరవై ప్రశ్నలూ తయారుచేసింది నేనూ, రెండు వేలు మిగిలింది నీకూనా నాన్నా?”