ఒట్టి మనిషి

బస్సులో వాళ్ళకి దొరికినవి చిట్టచివరి వరసలో సీట్లు.

తప్పు భర్తదే. టిక్కెట్లు తీసుకోవడం ఆఖరి నిమిషం దాకా నాన్చాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ ఇద్దరికీ ప్రయాణాలంటే అంతే, అనుకున్నదే తడవుగా పెట్టె సర్దేయడం. పెళ్ళై నెల తిరిగితే కేకు, ఏడాది తిరిగితే సముద్రం. ఇప్పుడు కడుపు పండింది కాబట్టి కొండమీది సరస్సు. బిడ్డ చేతికొస్తే గుమ్మం దాటలేమని అతని వాదన.

"కొండదారి. వెనక సీటంటే కుదిపి పారేస్తుంది," అంది ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని.

"నేనున్నానుగా," అన్నాడు.

అతని దగ్గర ఒక మంత్రం ఉంది. 'మా ఆవిడ ఒట్టి మనిషి కాదండీ.'

ఆ మాట అంటే చాలు, ఎంత పొడుగు క్యూ అయినా పక్కకి జరిగేది. హోటల్లో కిటికీ పక్క బల్ల ఖాళీ అయ్యేది. సినిమా హాల్లో ముందు కూర్చున్న పొడుగాయన కూడా మారు మాట్లాడకుండా లేచి వెళ్ళాడు. ఇంట్లో ఆఖరి కేకు ముక్క దగ్గర ఆమె కూడా అదే మంత్రం వేసేది. అతను దణ్ణం పెట్టి ముక్క వదిలేసేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

డ్రైవరు వెనక మొదటి సీట్లో నలభై ఏళ్ళ ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టల సంచీ. పైన పెట్టమని కండక్టరు చెప్పినా వినకుండా, దాన్ని రెండు చేతులా పొట్టకి హత్తుకుంది.

"సంచీలో బంగారముందేమో," అన్నాడు భర్త భార్య చెవిలో. ఆ క్షణం నుంచీ ఆవిడ వాళ్ళకి సంచీ ఆవిడ.

తర్వాత దగ్గరికెళ్ళి మంత్రం వేశాడు.

సంచీ ఆవిడ వెంటనే లేవలేదు. ముందు సీటే కావాలని ఏరికోరి తీసుకున్నానని మెల్లగా చెప్పింది. ఇంకేదో చెప్పబోయి, చుట్టూ ఉన్న మొహాలు చూసి ఆగిపోయింది.

"మీకేముందండీ, ఒట్టి మనిషి. ఎక్కడైనా సర్దుకోగలరు," అన్నాడు అతను నవ్వుతూనే.

ఒకరిద్దరు అవునవునన్నారు. ఆడదై ఉండి ఆ మాత్రం తెలియదా అని ఎవరో గొణిగారు.

ఆవిడ ఆమె పొట్ట వంక చూసింది.

"తొలి కాన్పా?"

ఆమె తలూపింది.

"కూర్చోమ్మా."

సంచీని ఒక చేత్తో అలాగే పొట్టకి పట్టుకుని, రెండో చేత్తో సీట్లు ఆసరా చేసుకుంటూ వెనక్కి నడిచింది.

ముందు సీటు ఉయ్యాలలా ఉంది. మలుపు మలుపుకీ కొండలు తలుపు తీసినట్టు తెరుచుకుంటున్నాయి. ఆమెకి హాయిగా కునుకు పట్టింది.

దారిలో టీ కోసం బస్సు ఆగింది. వెనక వరసలోంచి దిగిన భర్త నవ్వాపుకోలేకపోతున్నాడు. బస్సు గోతిలో పడ్డప్పుడల్లా సంచీ ఆవిడ ముందు సీటు కడ్డీ పట్టుకుని లేచి నిలబడుతోందట. దారంతా అదే కసరత్తట. చేసి చూపించాడు కూడా. ఆమెకీ నవ్వాగలేదు.

నవ్వుతూనే అటు చూసింది.

ఆవిడ టీ కొట్టు అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. మొహం పాలిపోయింది. చేతిలో టీ తాగకుండానే చల్లారిపోతోంది.

వెనక ఇబ్బందిగా ఉందా అని అడగాలనిపించింది. అడుగు ముందుకి పడింది కూడా. కానీ అడిగితే ఆవిడ అవుననవచ్చు. అవునంటే సీటు తిరిగివ్వాలి.

ఆమె అడగలేదు. హారన్ మోగకముందే ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

సరస్సు బాగుంది. పడవెక్కారు. తీసిన ఫోటోలకి లెక్కలేదు. ఏ ఫోటోలోనూ లేని ఆ అరుగు మీది మొహం మాత్రం ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది.

ఒకరోజు గిన్నెలు కడుగుతూ కడుగుతూ, "ఆవిణ్ణి ఒక్క మాట అడిగుండాల్సింది," అంది.

ఎవర్ని అన్నాడు భర్త. గుర్తు చేసింది. సీటుకే ఇంత బాధ పడితే ఎలా, దిగేటప్పుడు థాంక్స్ చెప్పానుగా అని కొట్టిపారేశాడు. ఆమె కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

నెలలు నిండుతున్నాయి. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ గది ముందు కుర్చీ అన్నది ఖాళీ లేదు. అలవాటు కొద్దీ భర్త గొంతు సవరించుకున్నాడు. చుట్టూ చూసి, నోటిదాకా వచ్చిన మంత్రాన్ని మింగేశాడు. కూర్చున్నవాళ్ళలో ఒట్టి మనుషులెవరూ ఉన్నట్టు లేరు.

గోడ వారగా కుర్చీలోంచి ఒకావిడ లేచింది.

సంచీ ఆవిడ. సంచీ లేదు. చేతులు రెండూ పనిలేనట్టు పక్కలకి వేలాడుతున్నాయి.

ఎవరికో తోడొచ్చిందనుకుంది ఆమె. ఇన్నాళ్ళ బరువు దించుకునే వేళ దొరికిందని గబగబా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు వెనక సీట్లో మీరెంత అవస్థ పడ్డారో చూసి కూడా ఊరుకున్నాను, తప్పు నాదే అంది. ఈసారి మాత్రం మీరు లేవడానికి వీల్లేదంది.

ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. రెండో చేత్తో కుర్చీని ఆమె వైపు జరిపింది.

"పర్లేదు, కూర్చోమ్మా. ఇప్పుడు నేను ఒట్టి మనిషినే."