బండి దగ్గు

"ఇది కాదు అన్నయ్యగారూ," అందామె, ఇంజను వైపు చెవి పెట్టి. "ఇది మా బండి గొంతు కాదు."

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. మండదూ మరి! పాతకాలపు ఇంగ్లండు మోటారుసైకిలు అది. చిన్నది, ఒక్క మనిషి లేపి పక్కన పెట్టగలిగేంత తేలిక. షెడ్డుకి వచ్చిన రోజున తుప్పు తప్ప అందులో మరేం లేదు. దాన్ని ఊడదీసి, ప్రతి ముక్కా కడిగి, దొరకని సామాను తనే లేతు మిషను మీద తయారుచేసుకున్నాడు. ట్యాంకు మీది రంగు పొరలన్నీ గీకి, అడుగున దాక్కున్న అసలు ఆకుపచ్చని పట్టుకుని మళ్ళీ అదే వేశాడు. ఇప్పుడది పాలు తాగిన పిల్లిలా గుర్రుమంటోంది. పాత బండ్ల పిచ్చివాళ్ళెవరైనా చూస్తే కళ్ళకద్దుకుంటారు.

"ఏం, బాగాలేదా?" అన్నాడు బండి ఆపేసి.

"బాగుంది. అదే తంటా. ఆయన బండి దగ్గేది. వీధి మలుపు తిరగ్గానే ఖళ్ళు ఖళ్ళున దగ్గి, గేటు దగ్గర ఓసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగేది."

"అది జబ్బమ్మా. నేను నయం చేశాను."

"మళ్ళీ తెప్పించండి."

మెకానిక్ చేతిలోని స్పానరు బల్ల మీద పడేశాడు. "మతి ఉండే మాట్లాడుతున్నావా చెల్లెమ్మా? కోరి కోరి ఎవరైనా..." అంటూ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఆయన లేరు అన్నయ్యగారూ. పని మీద దూరం వెళ్ళి, అక్కడే చనిపోయారు. ఆ సంగతి మా అత్తగారికి తెలీదు. ఆవిడకి చూపు లేదు, మంచం దిగలేరు. ఈ మాట చెవిన పడితే గుండె తట్టుకోదన్నాడు డాక్టరు. అందుకని పని అయిపోగానే వస్తారని చెబుతూ వచ్చాను. ఇక ఆవిడకీ రోజులు దగ్గరపడ్డాయి. ఆ మధ్య నా చెయ్యి పట్టుకుని, 'వాడి బండి చప్పుడు ఒక్కసారి వినాలనుందే' అన్నారు. ఆ మాటకే దీన్ని మీ దగ్గరికి తోసుకొచ్చాను."

మెకానిక్ నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ వాడెక్కడున్నాడు, ఫోనెందుకు చెయ్యడు అని అడగలేదా ఆవిడ?"

"ఒక్కసారి కూడా అడగలేదు. నా అదృష్టం. రాత్రిపూట మాత్రం ఆయన వాటా అన్నం తీసిపెట్టమంటారు. రాకపోతే పొద్దున్నే అది నేను తినాలి. 'వాడొచ్చేసరికి నువ్వు పుల్లలా ఉంటే నన్నే అంటాడే' అని పోరు. ఆయన పోయిన కొత్తలో నాకు ముద్ద దిగేది కాదు. ఆవిడ పక్కనే కూర్చోబెట్టుకుని, నేను నమిలే చప్పుడు వినేదాకా వదిలేవారు కాదు."

"పాపం, పిచ్చి తల్లి," అన్నాడు మెకానిక్.

బండి నుంచి ఊడదీసిన పాత సామాను ఒక్కటీ పారేసే అలవాటు లేదు అతనికి. అంతా గోనెసంచిలో వేసి, బండితోపాటే యజమానికి అప్పజెప్పేస్తాడు. ఆ సంచి విప్పి, పగుళ్ళిచ్చిన పాత సైలెన్సరు బయటికి తీశాడు. కొత్తది విప్పి దాన్ని బిగించాడు. పెట్రోలు ఎక్కువ మింగేలా కార్బురేటరు స్క్రూ తిప్పాడు. ప్రాణం ఉసూరుమంది. నయం చేసిన చేతులతోనే జ్వరం తెప్పిస్తున్నాడాయె!

కిక్ కొట్టాడు. పొగ కక్కుతూ బండి ఖళ్ళున దగ్గింది.

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని భోరుమంది. "ఆయనే," అంది వెక్కుతూ. "ఆయనే వచ్చినట్టుంది."

మెకానిక్ అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. "మరి నడిపేదెవరు?"

"మీరే. జలుబు చేసి గొంతు పోయిందని చెబుతాను. మీరు నోరు విప్పకండి, చాలు."

ఆ సాయంత్రం బండి వీధి మలుపు తిరిగింది. దగ్గింది. గేటు దగ్గర ఎక్కిళ్ళు పెట్టి ఆగింది. "అత్తయ్యా, ఆయనొచ్చారు!" అని లోపల్నుంచి కేక వినిపించింది. ఆ గొంతులో సంబరం అరువు తెచ్చుకున్నదే. మెకానిక్ చెప్పులు విడిచి గదిలోకి నడిచాడు.

కిటికీ పక్కన మంచం. పక్కనే బల్ల మీద మూతపెట్టిన కంచం. ముసలావిడ కళ్ళు మూసుకుని ఉంది. కన్నీళ్ళు చెవుల మీదుగా దిండులోకి కారుతున్నాయి.

"ఒరే, వచ్చావా? ఇటు రా."

మంచం అంచున కూర్చున్నాడు. ఆవిడ తడుముకుంటూ అతని చెయ్యి అందుకుని, కాయలు కాసిన వేళ్ళన్నీ ఒక్కొక్కటే నిమిరింది.

"ఎంత మొరటు పడిపోయాయిరా ఈ చేతులు! ఏమే, వీడికి కాసిని మంచినీళ్ళు తే. వీడి కంచం ఇక్కడే ఉంది, నీదీ తెచ్చుకో. ఇవాళ ఇద్దరూ కలిసి తినాలి."

కోడలు ఏడుస్తూ, నవ్వుతూ వంటింట్లోకి పరిగెత్తింది.

ముసలావిడ చెవులు రిక్కించింది. లోపల గిన్నె చప్పుడయ్యేదాకా ఆగి, అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఏమడుగుతుందో ఏమో, నోరు విప్పితే కొంప మునుగుతుంది. మెకానిక్ భయపడుతూనే ఆవిడ నోటి దగ్గరికి వంగాడు.

"నాకంతా తెలుసని దానికి చెప్పకు బాబూ."