కోట మెట్లు

"దొంగ దొరికాడక్కా!" తమ్ముడు చిటికె వేశాడు.

కోట మెట్లు ఎక్కబోతే గేమ్ ఆగిపోతోందని అక్క పిలిస్తే వచ్చి, గేమ్‌ను తనకు నచ్చినట్టు మార్చుకునేందుకు ఆమె ఎక్కించుకున్న మోడ్‌లన్నీ ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు.

"నీ వీరనారి ఇందాకటి నుంచీ కుంటుతోంది. ఈ మోడ్ వల్లే! పీకేశాను. చూడు, లేడిలా పరిగెడుతోంది."

అక్క చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కీబోర్డు లాక్కుంది. ఆ మోడ్‌ను మళ్ళీ ఎక్కించింది. వీరనారి కత్తి దూసి, కుంటుకుంటూనే మెట్ల వైపు నడిచింది.

"అది నేను రాసుకున్న మోడ్‌రా."

తమ్ముడు నాలిక్కరుచుకున్నాడు.

"కాలు బాగుచెయ్యమని నిన్నెవరడిగార్రా? దానికేం, బ్రహ్మాండంగా ఉంది. ఎక్కనివ్వనిది ఆ మెట్లు. ముందు వాటి సంగతి చూడు!"