గుమ్మం సార్ గుండె

"రావడం లేదు సార్," అంది శిష్యురాలు.

"పిలవాల్సినట్టు పిలిస్తే వస్తుంది," అన్నాడు ఆపరేషన్ బల్ల మీద పడుకున్న పెద్ద డాక్టరు. "ఎన్నిసార్లు నేర్పాను?"

నేర్పింది ఆయనే. గుండె లయ తప్పే జబ్బుల వైద్యంలో ఒక చిత్రమైన పద్ధతి ఉంది. జబ్బు ఊరుకుని ఉన్నంతసేపూ ఎక్కడ నక్కిందో తెలియదు. మందిచ్చి, వైర్లతో కదిలించి, దాన్ని కావాలని రేపాలి. రేగినప్పుడే చోటు పట్టుకుని కాల్చేయాలి. నిద్రపోయే పామును తట్టి లేపి మరీ కొట్టడమన్నమాట. జీవితమంతా ఆ పని చేసిన చేతులు ఇవాళ బల్లకి అటూ ఇటూ ఊరికే పడి ఉన్నాయి.

తొడ దగ్గర నుంచి గుండెలోకి పాకిన సన్నటి వైర్లు ఆయనకు తెలియడం లేదు. చలి మాత్రం తెలుస్తోంది. ఈ గదిని చల్లగా ఉంచమని ఇన్నేళ్లూ పోట్లాడింది తనే, ఇంకెవరినంటాడు? శిష్యురాలు కూడా పొద్దుటినుంచీ ముభావంగా ఉంది. చేతులు కడుక్కోబోతూ ఫోన్ వచ్చిందని బయటికి వెళ్లి, చాలాసేపటికి గానీ రాలేదు. గురువు గుండెలో వైరు పెట్టాలంటే ఎవరికైనా తడబాటేనని ఆయన సరిపెట్టుకున్నాడు.

విద్యార్థులు ఆయన్ని చాటుగా గుమ్మం సార్ అనేవారు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తనాళాలు గుండె పైగదిలోకి తెరుచుకునే చోటుకి ఆయన పెట్టుకున్న పేరు గుమ్మం. లయ తప్పించే దొంగ గుమ్మంలోనే ఉంటాడు, ఇంకెక్కడా వెతక్కుండా గుమ్మం కాల్చేస్తే చాలు. ఇదీ ఆయన సిద్ధాంతం. దాన్ని తేల్చడానికి పెద్ద అధ్యయనమే మొదలుపెట్టాడు. సగం మంది రోగులకి గుమ్మం కాల్చారు, మిగతా సగానికి దొంగ దొరికిన చోట కాల్చారు. ఏ సగం ఎలా ఉందో చివరిదాకా ఎవరూ చూడకూడదు. ఆ లెక్క తెరవడాన్ని వాళ్ల విభాగంలో ముడి విప్పడం అంటారు. రిటైరయ్యేటప్పుడు ఆయన ఆ అధ్యయనం బాధ్యత శిష్యురాలికి అప్పగించాడు. ముడి విప్పే రోజు చూసి పోవాలన్నది ఒక్కటే ఆయనకు మిగిలిన కోరిక.

ఇంతలో ఆయన గుండే అడ్డం తిరిగింది. కోపమొచ్చినా కంగారుపడినా దౌడు తీస్తోంది. ఈమధ్య మెట్ల మీద స్పృహ తప్పి పడిపోయాడు. ఇంకోసారి పడితే లేవకపోవచ్చని శిష్యురాలు మొహం మీదే చెప్పింది.

"మందు ఇంక పెంచలేను సార్. ఇవాళ్టికి ఆపేద్దామా?"

"ఆపితే మళ్లీ ఆ మెట్ల మీదే పోతాను. నాకు కోపం తెప్పించు. మందుకి రానిది మాటకి వస్తుంది."

సిస్టర్ ముసిముసిగా నవ్వింది. శిష్యురాలు మందు సిరంజి పక్కన పెట్టింది.

"మీ పాఠాలకి మేం నిద్రపోయేవాళ్లం."

"తెలుసు. నువ్వు గురక కూడా పెట్టేదానివి."

"మీ చేతిరాతని మందుల షాపాయన తిట్టేవాడు."

"నా మొహం మీదే తిట్టేవాడు. ఇదేనా నీ ప్రతాపం?"

స్క్రీన్ మీద గీత బుద్ధిగా నడుస్తోంది. ఆమె చాలాసేపు దానివైపే చూసింది. తర్వాత ఆయన మీదికి వంగింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ముడి విప్పారు సార్. గుమ్మం తప్పు. గుమ్మం కాల్చినవాళ్లకే జబ్బు తిరగబెట్టింది. వాళ్లలోనే ఎక్కువమంది పోయారు."

'భయం లేదు, గుమ్మం కాల్చేస్తాను' అని ఆయన భుజం తట్టి పంపిన రోగుల మొహాలు ఒక్కొక్కటే కళ్లముందు తిరిగాయి. గుండె దౌడు అందుకుంది.

"రేగింది మేడమ్," అన్నాడు టెక్నీషియన్.

"గుమ్మంలో ఏమీ లేదు. వెనక గోడ వైపు వెళ్తున్నా. ఇదిగో, ఇక్కడ. కాలుస్తున్నాను."

ఛాతీలో సన్నగా మండింది. కళ్లెం లాగినట్టు గుండె ఆగి, మామూలు నడకలో పడింది. మళ్లీ మందిచ్చి రేపబోయారు. రేగలేదు.

ఆయన కళ్లలో నీళ్లు చెవుల్లోకి కారాయి. సిస్టర్ తుడుస్తుంటే నవ్వడం మొదలుపెట్టాడు.

"కదలకండి సార్," అందామె.

"ఎంత అబద్ధమాడావే తల్లీ. పైప్రాణాలు పైనే పోయాయి."

"మీరే కదా సార్ కోపం తెప్పించమన్నారు," అంది శిష్యురాలు.

"గురువుని మించిపోయావు. ఎక్కడ కొడితే తగులుతుందో తెలుసు నీకు. ఇంతకీ దొంగ వెనక గోడలోనా దొరికాడు?"

"అవును సార్."

"చూశావా, నా గుండె కూడా నా మాట వినదు. పోనీలే, ఒక్క గుండెతో సిద్ధాంతం కూలిపోదుగా."

ఆమె గ్లోవ్స్ తీసేసి ఆయన చెయ్యి పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు. పాపం, ఎంత భయపడిందో అనుకున్నాడు.

"ఒక మాటివ్వమ్మా. ముడి విప్పినప్పుడు, మంచైనా చెడైనా, అందరికంటే ముందు నాకే చెప్పాలి. జాలిపడి దాచకూడదు."

"మాటిస్తున్నాను సార్," అందామె.

ఆయన తృప్తిగా కళ్లు మూసుకున్నాడు.

ఆ మాట ఆమె అప్పటికే నిలబెట్టుకుంది.