పొట్టి చెక్కలు

పడవ దిగిన కొత్త రోగి భుజం మీద ఆరు చెక్కలున్నాయి.

కుష్ఠు దీవికి వచ్చేవాళ్ళు తమ శవపేటికకు చెక్కలు తామే తెచ్చుకోవాలి. తేనివాళ్ళను గోనెలో కుట్టి పాతేస్తారు.

ఒడ్డున నిలబడ్డ వాల్పురి అనే పాత రోగి, వచ్చిన మనిషిని చూడలేదు, చెక్కల్నే చూసింది. ఇరవై ఏళ్ళ కిందట ఆమెను పడవెక్కించినప్పుడు తండ్రి ఒక్క చెక్కైనా ఇవ్వలేదు. మూడేళ్ళ తమ్ముడు మాత్రం పడవ తాడు పట్టుకుని వదలలేదు. వాడి వేళ్ళు విడదీయాల్సి వచ్చింది. అప్పటినుంచీ ఆమెకు చావంటే భయం లేదు, గోనె అంటేనే భయం.

"ఇంత పొడుగున్నావు, ఈ పొట్టి చెక్కల్లో ఎలా పడతావబ్బాయ్? కాళ్ళు బయట పెడతావా?"

"సర్దుకుంటాన్లే అక్కా," అన్నాడతను. పేరు సీమో అని చెప్పాడు.

చలికాలమంతా ఆమె వంతు కట్టెలు కూడా అతనే కొట్టాడు. గడ్డకట్టిన సముద్రానికి కన్నం పెట్టి చేపలు పట్టేవాడు. మొదటి చేప ఆమెకే.

"నన్ను మంచి చేసుకుని ఏం లాక్కుందామని?" అని కసిరేది వాల్పురి. తిని మరీ కసిరేది.

ఒకరోజు కాళ్ళ కింద మంచు విరిగి సీమో నీళ్ళలో పడ్డాడు. జ్వరం పట్టుకుంది. మూడో రోజుకు ఊపిరి గురగురలాడింది.

వాల్పురి పక్కన కూర్చుంది. "ఆ చెక్కలు నాకిచ్చెయ్యి. నాకెవరూ లేరు."

"అవి నీవే అక్కా... నీకోసమే..."

జ్వరంలో పేలుతున్నాడనుకుంది. మధ్యాహ్నానికి పోయాడు. ఎవరూ చూడకుండా ఆమె చెక్కల్ని గడ్డి కొట్టంలో దాచేసింది.

"చెక్కలేవీ?" పాస్టరు అడిగాడు.

పాస్టరు ఆమెవైపే చూశాడు.

"నన్ను చూస్తారేంటి? నాకేం తెలుసు?"

సీమోను గోనెలో పాతేశారు.

తిరిగొస్తుంటే, శవానికి స్నానం చేయించిన కారిన్ అవ్వ గొణిగింది. "ఒళ్ళంతా చూశానే. చేతిమీది మచ్చ కడిగితే పోయింది, ఉత్త తారు. వాడికి రోగమే లేదు. ఏం పోయేకాలమొచ్చి ఇక్కడికొచ్చాడో."

వాల్పురి కొట్టంలోకి పరిగెత్తింది. చెక్కలు పరిచి పడుకుంది. తలనుంచి మడమ దాకా సరిగ్గా సరిపోయాయి, పుట్టింటి గుమ్మానికి గీసిన ఆమె ఎత్తు కొలిచి కోసినట్టు.

లేచి చెక్క తిప్పింది. అంచున మూడు గీతలు, పైన ఒక కొక్కెం చెక్కి ఉన్నాయి. ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిది. తెడ్డు మీదా గొర్రె చెవి మీదా పెట్టుకుంటారు. ఇది ఆమె తండ్రి ఇంటిది.

తాడు వదలనని ఏడ్చి, ఇప్పుడు పేరు మార్చుకుని తనకోసం వచ్చిన తమ్ముణ్ణి, ఆమె తన చేతులారా గోనెలో పాతిపెట్టి వచ్చింది.